వల కన్ను

రెండు భాషలొచ్చని నన్ను పిలిపించారు.
ఇంట్లో అరవం, వీధిలో తెలుగు,
ఎండుచేపల బేరంలో రెండూ కలిపి కొట్టే మనిషినని
ఇస్కపల్లి పట్టపుపాళెంలో ఎవరో చెప్పుంటారు.
అల్లూరులో బస్సెక్కి నెల్లూరు దిగేసరికి
మత్స్యశాఖ ఆఫీసు మేడ మీద కుర్చీలన్నీ నిండిపోయున్నాయి.
ఒక పక్క మావాళ్లు, ఒక పక్క కడలూరు వాళ్లు.
మధ్యన నేను,
నా ముందు మూత తీయని నీళ్ల సీసా.

వాళ్ల బోట్లు మూడు
పదకొండు రోజులుగా మా రేవులో కట్టేసున్నాయి.
ఐసు కరిగి, చేప కుళ్లి,
ఆ కంపు మా పొయ్యిల దాకా వచ్చింది.
గెలిచినోళ్ల ఇళ్లలో కూడా అన్నం దిగలేదు.

వాళ్ల ఇంజను కింద నలిగిన వలల్లో
మా మరిదిది ఒకటి.
అప్పింకా తీరలేదు, వల తీరిపోయింది.
ఆ సంగతి ఆఫీసరుకి తెలీదు.
తెలిస్తే పిలిచేవాడు కాదేమో.

మొదట తిట్లు.
మా ఎల్లంగారి కొడుకు లేచి ఒక మాటన్నాడు.
దాన్ని అరవంలోకి దించితే
ఆ బోట్లు ఇంకో ఏడాది కదలవు.
మింగేశాను.
అటునుంచి వచ్చిందీ అదే రకం. అదీ మింగేశాను.
ఆ పూటకి కడుపు నిండింది.

తలపండిన తంగరాసు లేచి
తువ్వాలు చంకలో పెట్టుకుని అన్నాడు:
"ఎంగ పక్కం కవలై ఇల్లమ్మా."
ఆఫీసరు నా వైపు చూశాడు.
అరవంలో కవలై అంటే కవళ్ల చేప.
కవలై అంటే విచారం కూడా.
చేపల్లేవన్నాడో, దిగుల్లేదన్నాడో
ఆ ముసలి ముఖం చూస్తే తెలిసిపోతుంది,
కాయితం మీద రాస్తే తెలీదు.
"వాళ్ల దిక్కు కవళ్లు అయిపోయినాయంట సార్.
పిల్ల చేపతో సహా ఊడ్చేసుకున్నారంట.
అందుకే ఇంత దూరం" అని చెప్పాను.
అందులో సగం ఆయన అనలేదు.
తెలుగు అర్థమైనట్టే
తల మాత్రం దించుకున్నాడు.

సాంబారన్నం పొట్లాల తర్వాత కాయితం వచ్చింది.
ఒడ్డుకి ఇన్ని మైళ్లు ఎడం,
ఇంజనుకి ఇంత బలం,
గుడ్డు పెట్టే నెలల్లో రెండు తీరాలకీ ఒకే సెలవు,
వల కన్ను ఇన్ని మిల్లీమీటర్లు.
"కన్నుని వాళ్ల భాషలో ఏమంటారు?" ఆఫీసరు అడిగాడు.
"కన్నే సార్."
వలా దాదాపు వలే. మీనూ మీనే.
పోట్లాటకే వేరే మాటలు కావాల్సొచ్చాయి.

మిల్లీమీటరు ఎవరికీ అందలేదు.
తంగరాసు సంచిలోంచి వలముక్క తీసి
కంట్లో రెండు వేళ్లు పెట్టాడు. అంతే పట్టాయి.
మా ఆవుల పోలంగారి
బల్ల మీదుగా వంగి
ఆ ముక్కని వేళ్లతో సాగదీశాడు,
తన మూడో వేలు చూపించాడు.
అవతలాయన చాలాసేపు ఆ వేలినే చూశాడు.
గోటి కింద నలుపు, కణుపు దగ్గర తాడు కోసిన గాటు.
అలాంటిదే తనకీ ఉంది.
"సరి" అన్నాడు.
దాన్ని తర్జుమా చెయ్యమని ఎవరూ అడగలేదు.

సంతకాలయ్యాయి.
నిలుస్తుందా అని కూడా ఎవరూ అడగలేదు.
కుర్రాళ్లు ముఖాలు తిప్పుకునే మెట్లు దిగారు.
నా రానూపోనూ ఛార్జీలకి
క్యాషియరు లేడు, సోమవారం రమ్మన్నారు.

రాత్రి లైటు కింద మరిది వల ఒళ్లో వేసుకున్నా.
చినిగిన మేరంతా కొత్తగా అల్లాలి.
ముప్పయ్యేళ్ల అలవాటు.
చెయ్యి తనంతట తానే
రెండు వేళ్ల వెడల్పుకి ముడి బిగించేసింది.
ఇంకో ముడి. ఇంకోటి.
వరస సగమయ్యాక గుర్తొచ్చింది.
మొత్తం విప్పాను.

"ఇట్టయితే సగం జారిపోతాయి గదా వదినా"
అన్నాడు మరిది, బీడీ ఆర్పుతూ.
"పోతాయి" అన్నాను,
మూడో వేలు కంట్లో పెట్టి
దారం లాగుతూ.